ఆడపిల్లకి అడవి కొలువు తగదా?



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చే రోజుల్లో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే చర్చ వినబడుతుంది. "అమ్మాయిని ఇప్పుడు ఏం చేద్దాం?" నర్సింగులో చేర్పిద్దామంటుంది తల్లి. టీచరు ట్రైనింగ్ అయితే ఇంటిపట్టున ఉండి ఉద్యోగం చేసుకోవచ్చునంటాడు తండ్రి. కంప్యూటరు నేర్పిస్తే హైదరాబాదులో ఏదో ఒకటి దొరక్కపోదంటాడు మేనమామ. ఇవన్నీ మంచివే, కాదనను. కాని ఆ చర్చలో ఎవరి నోటా రాని మాట ఒకటుంది. అదే అడవి. అడవిని కాపాడటం, కొండవాలున మట్టిని నిలపటం, వాననీటిని ఇంకించటం, మొక్కను పెంచి మానుచెయ్యటం - ఇవి కూడా శిక్షణ పొంది చేసే ఉద్యోగాలేనని, వాటిలోకి మన అమ్మాయిలు వెళ్ళవచ్చునని మనకి తట్టదు.

తట్టకపోవడానికి కారణం లేకపోలేదు. మన కథల్లో ఆడది అడవికి వెళ్ళిందంటే కష్టకాలం వచ్చిందనే అర్థం. సీతమ్మ వెళ్ళినా, ద్రౌపది వెళ్ళినా, దమయంతి వెళ్ళినా అంతే. అందుకే "ఆడపిల్లకి అడవి ఉద్యోగమేమిటమ్మా, చోద్యం కాకపోతే!" అని ముక్కున వేలేసుకునే పెద్దమ్మలు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఈవేళ ఆ పెద్దమ్మలతోనే నాలుగు మాటలు చెప్పుకుందామని నా కోరిక.

అసలు ఆడది అడవి పని చెయ్యనిదెప్పుడు చెప్పండి? వేసవిలో తెల్లవారకముందే లేచి తునికాకు కోసి, నీడన కూర్చుని ఏభయ్యేసి ఆకులు లెక్కపెట్టి కట్టలు కట్టేది ఎవరు? ఇప్పపువ్వు ఏరేది ఎవరు? చింతపండు, కుంకుడుకాయ, అడ్డాకు తెచ్చి సంతలో అమ్మేది ఎవరు? మొక్కల నర్సరీలో సంచులకి మట్టి నింపేది, నీళ్ళు పోసేది, కలుపు తీసేది ఎవరు? 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధిహామీ పథకం మొదలైన తరువాత ఎన్నో ఊళ్ళ గుట్టల మీద ఎండలో కందకాలు తవ్వింది, తట్టలెత్తింది ఎవరు? చాలా వరకు ఆడవాళ్ళే. పని మనదే. కాని ఆ పనికి పేరు కూలి. పని అయిపోతే కూలీ అయిపోతుంది. వానాకాలం పోతే నర్సరీ మూతపడుతుంది. ఇన్ని తరాల మన చాకిరీ అడవి కాచిన వెన్నెల అయిపోయింది.

పొరుగునే ఒకాయన చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు. ఏ మొక్క ఎక్కడ నాటాలో, కందకం ఎంత లోతు తవ్వాలో, ఎవరికి ఎన్ని రోజుల కూలి పడిందో ఆయన రాసుకుంటాడు. ఆయనకి నెల జీతం. ఆయనకీ మనకీ తేడా ఏమిటి? కండబలమా? కాదు. శిక్షణ. ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. కూలికీ కొలువుకీ మధ్య ఉన్న గడప పేరు శిక్షణ. ఆ గడప దాటడానికి మన పిల్లలకి ఇప్పుడు వీలుంది. దాటనివ్వవలసింది మనం.

శిక్షణ అంటే నల్లబల్ల మీద రాసిన పాఠమని అనుకోకండి. చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను. వేపగింజ ఉంది. పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, కొద్ది రోజుల్లోనే నాటాలి. దాచిపెట్టి మరుసటి ఏడు నాటితే మొలవదు. టేకు గింజ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని పెంకు గట్టిది. నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, మళ్ళీ ఎండబెట్టి, ఇలా కొన్నిసార్లు చేస్తేగాని మొలక రాదు. ఇక సంచిలో పెరిగే మొక్కల సంగతి. సంచి ఒకేచోట ఉంటే వేరు అడుగు చీల్చుకుని నేలలోకి దిగుతుంది. అప్పుడు పైకి మొక్క దివ్యంగా కనిపిస్తుంది. నాటే రోజున సంచి ఎత్తితే తల్లివేరు తెగి, నాటిన వారానికే వాడిపోతుంది. అందుకే సంచులను అప్పుడప్పుడు చోటు మార్చాలి. నాటబోయే ముందు కొద్ది వారాలు నీళ్ళు తగ్గించి, నీడ తీసేసి, మొక్కని ఎండకి అలవాటు చెయ్యాలి. అత్తవారింటికి పంపబోయే పిల్లకి తల్లి నాలుగు పనులు అలవాటు చేసినట్టే అనుకోండి.

ఇదంతా తెలిసిన మనిషి ఉన్న నర్సరీలో మొక్కలు బతుకుతాయి. తెలియని చోట లెక్కల్లో మొక్కలుంటాయి, నేలమీద గుంటలుంటాయి. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైన తరువాత ఊరూరా నర్సరీలు వచ్చాయి. 1950లో కె.ఎం. మున్షీ గారు వనమహోత్సవం ప్రారంభించిన నాటినుంచి ఏటా మనం మొక్కలు నాటుతూనే ఉన్నాం. నాటడానికి ఒక రోజు చాలు, ఒక ఫోటో చాలు. బతికించడానికి మాత్రం తెలిసిన చెయ్యి కావాలి.

అడవిలోపల ఈ తెలివిడి విలువ ఇంకా బాగా కనిపిస్తుంది. మన కొండల్లో తపసి చెట్టు ఉంటుంది. దాని జిగురుకి మందుల తయారీలో గిరాకీ ఉంది, విదేశాలకు కూడా ఎగుమతి అవుతుంది. గిరిజన కుటుంబాలు తరతరాలుగా ఆ జిగురు తీసి అమ్ముకుంటున్నాయి. పూర్వం గొడ్డలితో లోతుగా నరికి తీసేవారు. జిగురు వచ్చేది, కాని గాయం మానక చెట్టు చచ్చిపోయేది. జిగురులో బెరడు, మట్టి కలిసి ధరా వచ్చేది కాదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అక్కడిదే కోవెల్ ఫౌండేషన్ గిరిజనులకి వేరే పద్ధతి నేర్పించాయి. పదునైన చిన్న పనిముట్టుతో బెరడు మీద పైపైన చిన్న గాటు పెట్టాలి. కారిన జిగురు నేల మీద పడకుండా పట్టాలి. చెట్టుకి విశ్రాంతినివ్వాలి. అంతే! చెట్టు బతికింది, జిగురు తెల్లగా శుభ్రంగా వచ్చింది, ధర పెరిగింది. చెట్టూ అదే, మనిషీ అదే, అడవీ అదే. మారింది గాటు లోతు ఒక్కటే. శిక్షణ అంటే ఇదమ్మా!

కొండల నుంచి సముద్రతీరానికి వెళదాం. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు మీలో కొందరైనా చూసి ఉంటారు. తుఫాను వచ్చినప్పుడు అలల ఉధృతిని తగ్గించి ఊళ్ళకి అడ్డుగా నిలిచేవి ఈ మడచెట్లే. రొయ్యపిల్లలకి, చేపపిల్లలకి పురిటిల్లు కూడా అవే. ఒకప్పుడు కొన్ని చోట్ల చెట్లన్నిటినీ ఒక్కసారిగా కొట్టేయడంతో నేల ఎండకి ఎండి, కుంగి, పళ్ళెంలా అయిపోయింది. పోటుతో వచ్చిన నీరు ఆ పళ్ళెంలో నిలిచిపోయి, ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుపోయింది. ఇక అక్కడ ఎన్ని మొక్కలు నాటినా ఏం లాభం? ఉప్పుగల్లులో వరి నాటినట్టే! స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, తీరగ్రామాల ప్రజలు కలిసి చేసినదేమంటే ముందు కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, దానికి ఇటూ అటూ ఏటవాలుగా చిన్న కాలువలు, పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లులాగా. వాటిని ఉప్పుటేరుకి కలిపారు. పోటుకి నీరు లోపలికి వచ్చి, పాటుకి బయటికి పోయి, ఉప్పు తగ్గింది. ఆ తరువాత నాటిన మడ బతికింది. నేల ఎందుకు చచ్చిపోయిందో తెలుసుకున్నవాళ్ళకే దాన్ని బతికించడం చేతనవుతుంది.

మెట్టప్రాంతంలో ఉన్న చెల్లెళ్ళు "మాకు అడవీ లేదు, సముద్రమూ లేదు, మా సంగతేమిటి?" అని అడుగుతారు. మీకు గుట్టలున్నాయి, చెరువులున్నాయి, వాన పడితే కొట్టుకుపోయే ఎర్రమట్టి ఉంది. నేలని కాపాడటం కూడా ఈ కోవలోని పనే. మూడు కర్రలు, ఒక తాడు, ఒక రాయి ఉంటే చాలు, గుట్ట మీద సమానమట్టం కనిపెట్టవచ్చు. రెండు కర్రలు నిచ్చెన కాళ్ళలాగా పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర కట్టి, పైనుంచి తాడుతో రాయి వేలాడదీస్తారు. తాడు అడ్డకర్ర నడిమి గుర్తు మీదికి వచ్చిందంటే రెండు కాళ్ళూ ఒకే ఎత్తున ఉన్నాయన్నమాట. అక్కడ గుర్తు పెట్టి, ఒక కాలు అలాగే ఉంచి రెండోది తిప్పుకుంటూ పోతే సమానమట్టపు గీత వస్తుంది. ఆ గీతవెంట కందకం తవ్వితే నీరు నిలుస్తుంది. ఇష్టం వచ్చినట్టు తవ్వితే, ఆ కందకమే కాలువై ఉన్న మట్టిని కూడా ఊడ్చుకుపోతుంది. పైన గుట్టనెత్తి నుంచి మొదలుపెట్టి కిందికి రావాలిగాని, కింద చెక్‌డ్యామ్ కట్టుకుని కూర్చుంటే రెండేళ్ళకి ఒండ్రుతో పూడిపోతుంది. మన తెలుగు ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారి అధ్యక్షతన వేసిన సంఘం నివేదిక ఆధారంగా 1994లో దేశమంతటికీ వాటర్‌షెడ్ మార్గదర్శకాలు వచ్చాయి. ఊరివాళ్ళే ప్రణాళిక వేసుకోవాలనీ, వాళ్ళకి శిక్షణ ఇవ్వాలనీ అందులో గట్టిగా చెప్పారు.

ఇక అసలు ఉద్యోగాల సంగతికి వద్దాం. అటవీశాఖలో అడవిని రేంజిలుగా, రేంజిని సెక్షన్లుగా, సెక్షనుని బీట్లుగా విభజిస్తారు. బీటు అన్నిటికంటే చిన్నది. దానికి బాధ్యత వహించేవారే బీటు ఆఫీసరు. వెనకటి రోజుల్లో ఫారెస్టు గార్డు అనేవాళ్ళం. మెట్లలో అడుగుమెట్టే, కాని అడవి మిగిలేదీ పోయేదీ ఆ మెట్టు దగ్గరే. రాజధానిలో ఎంత మంచి చట్టం చేసినా, ఫలానా వాగు ఒడ్డున ఫలానా చెట్టు నిన్న ఉందా ఈరోజు ఉందా అని వెళ్ళి చూసేది బీటు ఆఫీసరే.

ఈ ఉద్యోగానికి ఇంటర్మీడియట్ చదువు చాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పబ్లిక్ సర్వీసు కమిషన్ పరీక్ష పెట్టి ఎంపిక చేసింది. తెలంగాణలో 2017లో ఒక్కసారే 1,857 బీటు ఆఫీసరు ఉద్యోగాలకి ప్రకటన వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో బీటు ఆఫీసర్లు, సహాయ బీటు ఆఫీసర్లు కలిపి 691 పోస్టులకి వచ్చింది. స్త్రీలకి మూడోవంతు కేటాయింపు ఉంది. రాతపరీక్ష గట్టెక్కాక నడక పరీక్ష ఉంటుంది. మగవాళ్ళు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. ఆడవాళ్ళు అదే నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. అంటే గంటకి నాలుగు కిలోమీటర్లు. పొలానికి, చెరువుకి, కట్టెలకి నడిచిన పిల్లలకి ఇదేం పెద్ద లెక్క కాదు. బస్సులో కాలేజీకి వెళ్ళివచ్చే పిల్లలు మాత్రం మూడు నెలల ముందునుంచి రోజూ పొద్దున్నే నడవడం అలవాటు చేసుకోవాలి. ఎత్తు 150 సెంటీమీటర్లు ఉండాలి. కొన్ని వర్గాల వారికి సడలింపు ఉంది. వయసు, మిగతా కొలతల వివరాలు ప్రకటన వచ్చినప్పుడు జాగ్రత్తగా చదువుకోండి.

ఎంపికైన తరువాత సుమారు ఆరు నెలలు శిక్షణ. తెలంగాణ వారికి హైదరాబాదు శివార్లలోని దూలపల్లిలో, ఆంధ్ర వారికి రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులో అటవీ అకాడమీలున్నాయి. అక్కడ చెట్లని ఆకునిబట్టి, బెరడునిబట్టి గుర్తుపట్టడం నేర్పుతారు. సర్వే, మ్యాపు చదవడం, నర్సరీ పెంపకం, మట్టినీటి సంరక్షణ, జంతువుల అడుగుజాడలు పోల్చుకోవడం నేర్పుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం వంటివి చెబుతారు. కేసు ఎలా రాయాలో చెబుతారు. కవాతు, వ్యాయామం సరేసరి. ఈ శిక్షణకి మీరు ఒక్క పైసా కట్టనక్కరలేదు. ఉద్యోగం వచ్చినవాళ్ళకి ప్రభుత్వమే ఇప్పిస్తుంది. కనుక "ఇంత కట్టండి, అటవీశాఖలో ఉద్యోగం గ్యారంటీ" అని ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే గుమ్మంలోనే నమస్కారం పెట్టి పంపెయ్యండి.

పరీక్ష ఒక్కటే దారి కాదు. పదో తరగతి తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో రెండేళ్ళ డిప్లొమా ఉంది. సైన్సు చదివిన పిల్లలకి సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. 2016లో ప్రారంభించారు, నాలుగేళ్ళ డిగ్రీ. 2017లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ హరిత నైపుణ్యాల పేరుతో కొద్ది వారాల, కొద్ది నెలల కోర్సులు మొదలుపెట్టింది. మొక్కల్ని, పక్షుల్ని గుర్తించి నమోదు చెయ్యడం, వెదురు పెంపకం వంటివి అందులో నేర్పారు. ఇటువంటి చిన్న కోర్సుల ప్రకటనలు కనిపిస్తే కత్తిరించి దాచుకోండి. ఒక హెచ్చరిక మాత్రం చెయ్యక తప్పదు. సర్టిఫికెట్టు చేతికొచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. చేరబోయే ముందు "ఇదివరకు ఇది చదివినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పే చోటనే చేర్పించండి.

చదువు అంతగా లేనివాళ్ళకీ దారి ఉంది. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెంచులు పులి జాడలు పట్టే పనిలో ఉన్నారు. నాలుగేళ్ళకొకసారి దేశమంతటా జరిగే పులుల లెక్కింపుకి వాళ్ళ కళ్ళు కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. కుటుంబానికి ఒక పురుషుడు, ఒక స్త్రీ సభ్యులుగా ఉండాలన్నారు. మారేడుమిల్లి దగ్గర అటువంటి సమితి ఒకటి యాత్రికులకి వసతిగృహాలు నడుపుతోంది. సమితుల్లో మన పేరు ఉంటే సరిపోదు. శిక్షణకి పంపేటప్పుడు కూడా మన పేరే రాయమని అడగాలి. "మా ఆయన వెళతాడులెండి" అనకండి.

ఇప్పుడు తల్లుల భయం సంగతి మాట్లాడుకుందాం. ఆ భయం ఉత్తది కాదు. దాచి లాభం లేదు. 2019 జూన్ నెలాఖరున కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలో మొక్కలు నాటించడానికి వెళ్ళిన ఒక మహిళా రేంజి అధికారిని జనం చుట్టుముట్టి కర్రలతో కొట్టారు. దేశమంతా ఆ దృశ్యం చూసింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజి అధికారి ప్లాంటేషను కాపాడబోయి హత్యకి గురయ్యారు. ఇవి విన్న తల్లి "నా పిల్లని పంపను" అంటే ఆ తల్లిని తప్పుపట్టలేం.

కాని ఒక్కమాట ఆలోచించండి. ఆ తగవులు ఎక్కడ పుట్టాయి? భూమి దగ్గర. పోడు కొట్టి సాగుచేసుకునేవాళ్ళు తమ భూమి అంటారు. శాఖ అడవి అంటుంది. ఎవరికి ఏ హక్కు ఉందో, గ్రామసభ ఏం చెయ్యాలో, ఏ భూమికి దరఖాస్తు పెట్టుకున్నారో తేలకుండా ట్రాక్టరు దింపితే ఎదురుగా నిలబడేది అడుగుమెట్టు ఉద్యోగే. కనుక ఇక్కడ కూడా నేను శిక్షణ మాటే ఎత్తుతాను. లాఠీ పట్టడం ఎంత బాగా నేర్పుతారో, మాట్లాడటం కూడా అంత బాగా నేర్పాలి. హక్కుల చట్టం పరీక్ష కోసం కాక, ఊరి రచ్చబండ మీద కూర్చుని విడమర్చి చెప్పగలిగేటట్టు నేర్పాలి. గిరిజన ప్రాంతానికి వెళ్ళే పిల్లకి నాలుగు కోయమాటలో, గోండుమాటలో రావాలి. ఒంటరిగా పంపకుండా తోడు ఇవ్వాలి. ఆడపిల్ల కాలికి సరిపోయే బూట్లు, తలుపు గడియపడే స్నానాలగది, ఉండటానికి క్వార్టరు ఇవ్వాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. పని సవ్యంగా జరగడానికి కనీసపు ఏర్పాట్లు. పిల్లని ఇంట్లో దాచుకోవడం కంటే ఈ ఏర్పాట్ల కోసం మహిళామండలి తరఫున ఒక అర్జీ పెట్టడం మేలు.

పైగా ఆడపిల్ల వెళితేనే చక్కబడే పనులు కొన్ని అక్కడ ఉన్నాయి. అడవిలోకి కట్టెలకి, ఆకులకి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళేనని చెప్పుకున్నాం కదా. ఖాకీ బట్టల్లో మగవాడు కనిపిస్తే మోపు పారేసి పరుగెడతారు. ఆడమనిషి కనిపిస్తే ఆగి మాట్లాడతారు. స్త్రీని సోదా చెయ్యవలసి వస్తే స్త్రీయే చెయ్యాలని చట్టం. ఇక నిప్పు సంగతి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన అడవులు తగలబడుతుంటాయి. ఉపగ్రహాలు చూసి సిబ్బంది ఫోనుకి కబురు పంపే ఏర్పాటు ఇప్పుడు వచ్చింది. కాని కబురు వచ్చేసరికే నిప్పు అంటుకుని ఉంటుంది. ఇప్పపువ్వు కనబడాలని చెట్టుకింద ఆకులు కాలుస్తారు. తునికాకు లేతగా రావాలని పొదలు కాలుస్తారు. కాల్చకుండా వేసవికి ముందే కొమ్మకొట్టుడు చేస్తే లేత ఆకు వస్తుందని, కాలిస్తే పక్కనున్న టేకు మొలకలూ పోతాయని ఆ ఆడవాళ్ళ పక్కన కూర్చుని చెప్పేది ఎవరు? వాళ్ళ ఇంటిదాకా వెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చుని చెప్పగలిగిన మనిషి మాట వాళ్ళకి ఎక్కుతుంది. ఆ మనిషి మన అమ్మాయి అయితే ఎంత బాగుంటుంది!

ఇది కేవలం ఊహ కాదు సుమా. భారత అటవీ సర్వీసులో 1980లో మొదటిసారిగా స్త్రీలు చేరారు. వారిలో ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిన సి.ఎస్. రామలక్ష్మి గారు ఒకరు. అడుగుమెట్టు ఉద్యోగాల్లోకి గుజరాత్ 2007లో పెద్దఎత్తున ఆడవాళ్ళని తీసుకుంది. సింహాలుండే గిర్ అడవిలో "వీళ్ళేం చేస్తారు?" అన్నవాళ్ళే తరువాత నోరు మూసుకున్నారు. రసీలా వాధేర్ అనే ఆమె బావిలో పడ్డ చిరుతలని, గాయపడ్డ సింహాలని రక్షించే బృందానికి నాయకురాలయింది. ఇప్పుడు మన నల్లమలలోనూ, ఆదిలాబాదు అడవుల్లోనూ ఖాకీ బట్టలు వేసుకుని బీటు తిరిగే అమ్మాయిలున్నారు. వాళ్ళూ మన ఇళ్ళలాంటి ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే.

"పెళ్ళి ఎలా అవుతుంది? అల్లుడు ఒప్పుకుంటాడా?" అనే ప్రశ్న మిగిలే ఉంది. నర్సు ఉద్యోగం గురించి మన అమ్మమ్మలు ఇదే మాట అన్నారు. రాత్రి డ్యూటీలు చేసే పిల్లని ఎవరు చేసుకుంటారన్నారు. బస్సు కండక్టరుగా ఆడపిల్ల వచ్చినప్పుడూ అన్నారు. ఇప్పుడు ఎవరూ అనడం లేదు. నెల జీతం ఇంటికి రావడం మొదలుపెట్టాక అనేవాళ్ళ గొంతు తగ్గుతుంది. మన గొంతే ముందు తగ్గకుండా చూసుకోవాలి.

చివరగా, ఈ ఏడు పరీక్షలు రాసే అమ్మాయిలకి ఒక మాట. ప్రకటన వచ్చేదాకా కూర్చోకండి. మీ ఊరి చుట్టూ ఉన్న చెట్లలో ఒక ఇరవయ్యింటి పేర్లు రాసుకోండి. మీ నాయనమ్మని అడగండి, ఆమెకి తెలిసినన్ని పుస్తకాల్లో ఉండవు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, గింజ ఎప్పుడు రాలుతుందో ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. వాన వెలిశాక మీ గుట్ట మీదికి వెళ్ళి నీరు ఎటు పోతోందో చూడండి. సైకిలు నేర్చుకోండి. పొద్దున్నే నడవండి. అకాడమీలో చేరిన రోజున మీకు సగం పాఠం వచ్చే ఉంటుంది.

తల్లులకీ అత్తలకీ ఒక మనవి. తట్ట పట్టుకుని అడవికి వెళుతుంటే మనం ఏనాడూ మన పిల్లని ఆపలేదు. పుస్తకం పట్టుకుని అదే అడవికి వెళతానంటే ఎందుకు ఆపాలి? దారి అదే, ఎండ అదే, చెట్లు అవే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ పిల్ల తల ఎత్తుకుని వస్తుంది. ఆలోచించండి.

సెలవు.